అల్-అహ్లీ ఆసుపత్రి పేలుడు: ఎవరి మాట నమ్మాలి?

అందరికీ నమస్కారం. 2023 అక్టోబర్ 17న గాజాలోని అల్-అహ్లీ ఆసుపత్రి దగ్గర జరిగిన పేలుడు మీద మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ గొడవ మొదలైంది. బాబాయ్ ఒక వీడియో పెడతారు, అన్నయ్య ఇంకోటి పెడతాడు. మధ్యలో టెన్షన్ నాకు.

నాకు తెలిసింది ఇదీ. ఇజ్రాయెల్ వైమానిక దాడిలో వందల మంది పోయారని గాజా ఆరోగ్య శాఖ చెప్పింది, 471 అని లెక్క ఇచ్చింది. పాలస్తీనా సాయుధ సంస్థ ఇస్లామిక్ జిహాద్ వదిలిన రాకెట్ గురి తప్పి పడిందని ఇజ్రాయెల్ అంది. చనిపోయినవాళ్లు 100 నుంచి 300 మంది అని అమెరికా నిఘా వర్గాల అంచనా. ఇజ్రాయెల్ అధికారిక ఖాతా రుజువుగా పెట్టిన వీడియోలో టైమ్ పేలుడు తర్వాతది. జనం పట్టుకోగానే తీసేశారు. పొద్దున ఫొటోల్లో పార్కింగ్ స్థలంలో కాలిపోయిన కార్లు, చిన్న గుంత కనిపించాయి. కానీ ఆ లోపే చాలా దేశాల్లో జనం రోడ్ల మీదికి వచ్చేశారు. మొదటి వార్తకున్న బలం సవరణకు ఎక్కడుంటుంది?

ఎవరు చేశారో మిమ్మల్ని తేల్చమని అడగట్లేదు. ఫార్వర్డ్‌లో వచ్చిన క్లిప్ అసలు ఎప్పటిదో, ఎక్కడిదో ఫోన్‌లోనే కనుక్కోవడం ఎలా? ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతుకుతున్నాను, వీడియో దగ్గరే ఆగిపోతున్నాను. అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి. బాబాయ్‌కి కోపం రాకుండా ఎలా చెప్పాలో తెలిస్తే అది కూడా.