కెనడా 2008: పార్లమెంటు ప్రొరోగేషన్‌ను గవర్నర్ జనరల్ నిరాకరించి ఉండొచ్చా?

2008 డిసెంబర్‌లో కెనడాలో ప్రతిపక్ష పార్టీలైన లిబరల్స్, ఎన్‌డీపీ కలిసి కూటమి ప్రభుత్వానికి సిద్ధమయ్యాయి. క్యూబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ కెబెక్వా మద్దతిస్తామంది. 308 సీట్లలో ఈ మూడింటివి 163, ప్రధాని హార్పర్ పార్టీవి 143. డిసెంబర్ 8న అవిశ్వాస ఓటింగ్ జరగాల్సి ఉండగా, 4వ తేదీనే ఆయన సలహాపై రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ మిషెల్ జాన్ పార్లమెంటును ప్రొరోగ్ చేశారు, అంటే సభను రద్దు చేయకుండా సమావేశాలను ముగించారు. సభ మళ్లీ జనవరి 26కి గానీ కూర్చోలేదు. ఓటమి తప్పదని తెలిసిన ప్రధానికి ఇలాంటి వీలుండటం నాకు అస్సలు మింగుడుపడటం లేదు.

కెనడా 1867 రాజ్యాంగ చట్టం చదివాను, ఇలాంటి సందర్భానికి షరతేమీ కనిపించలేదు. 1926లో గవర్నర్ జనరల్ బింగ్ ప్రధాని కింగ్ సలహాను కాదన్నారు గానీ, అది సభ రద్దు గురించి. ప్రొరోగేషన్‌పై 2019 బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పూ చూశాను, అక్కడా నాకు జవాబు దొరకలేదు.

మెజారిటీ పోయిందని స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు, ప్రధాని అడిగిన ప్రొరోగేషన్‌ను కాదనే అధికారం కెనడా గవర్నర్ జనరల్‌కు ఉందా?