టెక్సస్ హైస్కూల్ ఫుట్‌బాల్: 5ఏ, 6ఏ అని ఎలా తేలుస్తారు?

కొత్తగా_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మా వాడు ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరతాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానని పట్టుబట్టాడు. ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చే హైస్కూల్ 5ఏ అట. పక్క ఊళ్ళు ఆలెన్, ప్లేనో స్కూళ్ళు మాత్రం 6ఏ. "6ఏ అంటే పై స్థాయి, ఇల్లు అటువైపు తీసుకోండి" అని బంధువులు ఒకటే పోరు. అసలు ఈ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆటలో గెలుపోటములు చూసి ఇస్తారా, చదువు చూసి ఇస్తారా? 5ఏ లోపల మళ్ళీ డివిజన్ 1, డివిజన్ 2 అంటున్నారు, అదేమిటి? ఒకసారి వచ్చిన క్లాసు మారుతుందా? వివరంగా తెలిసినవారు చెప్పగలరు.

ఎండ్‌జోన్:

గెలుపోటములతో గానీ, చదువుతో గానీ ఏ సంబంధమూ లేదండి. కేవలం తలల లెక్క. 9 నుంచి 12 దాకా ఆ స్కూల్లో ఎంతమంది పిల్లలున్నారు అన్నదొక్కటే చూస్తారు. ఆడేవాళ్ళూ ఆడనివాళ్ళూ, అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ లెక్కలోకి వస్తారు.

టెక్సస్‌లో ఈ పని చేసేది యూఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. పద్ధతి ఇలా ఉంటుంది. అక్టోబరు చివరి శుక్రవారాన్ని స్నాప్‌షాట్ రోజు అంటారు. ఆ రోజు రిజిస్టర్లో ఎంతమంది ఉంటే అదే స్కూల్ సంఖ్య. నవంబరులో ఇరవై మంది కొత్తగా చేరినా ఆ విడతకి లెక్క మారదు. డిసెంబరు మొదట్లో యూఐఎల్ కటాఫ్‌లు ప్రకటిస్తుంది, ఫిబ్రవరిలో ఏ స్కూల్ ఏ డిస్ట్రిక్ట్‌లో, అంటే సీజన్లో ఒకదానితో ఒకటి ఆడే స్కూళ్ళ ఏ గుంపులో ఆడాలో జాబితా వస్తుంది. ఇదంతా రెండేళ్ళకోసారి జరుగుతుంది, కొత్త జాబితా సరి సంవత్సరాల్లో వస్తుంది. దీన్నే రీఅలైన్‌మెంట్ అంటారు.

2024-26 విడతకి కటాఫ్‌లు ఇలా పెట్టారు: 2,275, ఆపైన ఉంటే 6ఏ. 1,315 నుంచి 2,274 దాకా 5ఏ. 545 నుంచి 1,314 దాకా 4ఏ. 254 నుంచి 544 దాకా 3ఏ. 105 నుంచి 253 దాకా 2ఏ. అంతకంటే తక్కువైతే 1ఏ.

ఈ గీతలు శాశ్వతం కావు. రాష్ట్రంలోని స్కూళ్ళన్నిటినీ సంఖ్య ప్రకారం పెద్ద నుంచి చిన్నకి వరుసలో పెట్టి, ఒక్కో క్లాసులో సరిపడా స్కూళ్ళు వచ్చేలా ఎక్కడ గీయాలో చూసి గీస్తారు. జనాభా పెరిగే కొద్దీ గీత పైకి జరుగుతూ వచ్చింది. 6ఏలో ఉండాలంటే 2014లో 2,100 చాలు, 2018కి 2,190, 2020కి 2,220, 2022కి 2,225, 2024కి 2,275 అయింది. అందుకే ఒక స్కూల్లో పిల్లలు ఒక్కరు తగ్గకపోయినా కిందికి దిగే అవకాశముంది. 2,240 మందితో 2022లో 6ఏలో ఉన్న స్కూల్ అదే సంఖ్యతో 2024లో 5ఏ అవుతుంది.

ఇంకొక సంగతి. పాత ట్రోఫీలు చూసేటప్పుడు జాగ్రత్త. 2014కి ముందు అన్నిటికంటే పెద్ద క్లాసు 5ఏ. 2014లో పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిపి, ఆరుగురితో ఆడే చిన్న స్కూళ్ళకి 1ఏ ఇచ్చారు. జిమ్ గోడ మీద '5ఏ స్టేట్ ఛాంపియన్ 2008' అని కనిపిస్తే ఇప్పటి లెక్కలో అది 6ఏ స్థాయి.

మైదానం_లెక్కలు:

డివిజన్ల సంగతి నేను చెప్తాను. చాలామంది తికమక పడేది ఇక్కడే, ఎందుకంటే 6ఏకి ఒక పద్ధతి, మిగతావాటికి ఇంకో పద్ధతి.

5ఏ, అంతకంటే చిన్న క్లాసుల్లో ఫుట్‌బాల్‌కి సీజన్ మొదలవ్వకముందే రెండుగా విడగొడతారు. 5ఏలో సంఖ్య పెద్దవి డివిజన్ 1, చిన్నవి డివిజన్ 2. గీత 2024-26 విడతలో సుమారు 1,900 దగ్గర పడింది. రెండు డివిజన్లకీ వేరే డిస్ట్రిక్ట్‌లు, వేరే ప్లేఆఫ్‌లు (సీజన్ చివర ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లు), వేరే ఛాంపియన్లు. మీ వాడి స్కూల్ ఫుట్‌బాల్‌లో ఒక డిస్ట్రిక్ట్‌లో, బాస్కెట్‌బాల్‌లో మరో డిస్ట్రిక్ట్‌లో ఉండటానికి కారణం ఇదే. షెడ్యూల్ చూసి తప్పు పడిందనుకోకండి.

6ఏలో మాత్రం సీజన్ అంతా అందరూ కలిసే ఆడతారు. డిస్ట్రిక్ట్‌లో పైన నిలిచిన నాలుగు జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. ఆ నాలుగింట్లో పిల్లల సంఖ్య ఎక్కువున్న రెండూ డివిజన్ 1కి, తక్కువున్న రెండూ డివిజన్ 2కి. వచ్చిన స్థానంతో పని లేదు. ఉదాహరణకి ప్లేఆఫ్‌కి వచ్చిన నాలుగు స్కూళ్ళలో పిల్లలు 3,400, 2,900, 2,600, 2,350 అనుకుందాం. 2,600 స్కూల్ డిస్ట్రిక్ట్ ఛాంపియన్ అయినా డివిజన్ 2లోకే వెళ్తుంది. మరుసటి ఏడు 3,400 స్కూల్ ప్లేఆఫ్‌కి రాక, దాని స్థానంలో 2,400 స్కూల్ వచ్చిందనుకోండి. అప్పుడు ఇదే 2,600 స్కూల్ డివిజన్ 1లో పడుతుంది. ఒక్క పిల్లాడు పెరగలేదు, తగ్గలేదు, కేవలం పక్కవాళ్ళు ఎవరన్న దాన్నిబట్టి బ్రాకెట్ మారిపోతుంది. అందుకే చివరి వారంలో 6ఏ కోచ్‌లు తమ మ్యాచ్‌తో పాటు పక్క మ్యాచ్ స్కోరు కూడా చూస్తుంటారు.

6ఏలో 32 డిస్ట్రిక్ట్‌లు, ఒక్కోదాన్నుంచి డివిజన్‌కి రెండు చొప్పున 64 జట్లు. అంటే టైటిల్‌కి ఆరు మ్యాచ్‌లు వరుసగా గెలవాలి. ఆరు క్లాసులు, ఒక్కోదాంట్లో రెండు డివిజన్లు, ఏడాదికి మొత్తం 12 మంది స్టేట్ ఛాంపియన్లు.

ఎండ్‌జోన్:

పైన చెప్పినదానికి తోడు, ఫ్రిస్కో సంగతి వేరుగా చెప్పాలి. మీ ప్రశ్నకి అసలు జవాబు అందులోనే ఉంది.

ఫ్రిస్కో ఐఎస్‌డీ, అంటే అక్కడి పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ, కావాలనే చిన్న హైస్కూళ్ళు కడుతూ వచ్చింది. ఒక్కోటి సుమారు 2,100 మందికి. 2022లో పాంథర్ క్రీక్ తెరిచాక మొత్తం 12 అయ్యాయి. ఆ కెపాసిటీ 6ఏ గీతకి కిందే ఉందని గమనించండి. ఆలెన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఊరంతటికీ ఒకే హైస్కూల్, పిల్లలు ఐదు వేలు ఎప్పుడో దాటారు, 18,000 సీట్ల స్టేడియం. ప్లేనోలో ఇంకో పద్ధతి. ప్లేనో, ప్లేనో ఈస్ట్, ప్లేనో వెస్ట్ సీనియర్ హైస్కూళ్ళలో 11, 12 తరగతులే ఉంటాయి. 9, 10 వేరే భవనాల్లో చదువుతారు. కానీ యూఐఎల్ లెక్కకి ఆ పిల్లల్ని కూడా సీనియర్ స్కూల్‌లో కలుపుతారు. అందుకే ఇంటర్నెట్‌లో కనిపించే స్కూల్ సంఖ్యకీ యూఐఎల్ సంఖ్యకీ పొంతన కుదరదు. యూఐఎల్ విడుదల చేసే జాబితానే చూడండి, రియల్ ఎస్టేట్ సైట్ల అంకెలు ఈ పనికి పనికిరావు.

ఇప్పుడు మీ అబ్బాయి వైపు నుంచి చూద్దాం. వర్సిటీలో, అంటే స్కూల్ ప్రధాన జట్టులో, అఫెన్స్‌కి (దాడికి) 11, డిఫెన్స్‌కి (అడ్డుకోవడానికి) 11, మొత్తం 22 మొదటి స్థానాలు. రెండు వేల మంది స్కూల్లో సగం అబ్బాయిలనుకుంటే ఒక్కో స్థానానికి 45 మంది. ఐదు వేల స్కూల్లో 113 మంది పైనే. ఫ్రిస్కో మొత్తం మీద 12 మంది క్వార్టర్‌బ్యాక్‌లు (బంతి విసిరి ఆట నడిపేవాళ్ళు) బరిలోకి దిగుతారు, ఆలెన్ మొత్తానికి ఒక్కడే. పిల్లాడు ఆడాలి, బెంచీ మీద కూర్చోకూడదు అనుకునే తల్లిదండ్రులకి 5ఏ చిన్నతనం కానే కాదు. 6ఏ అంటే మంచి స్కూల్, 5ఏ అంటే రెండో రకం అని మనవాళ్ళలో పాకిపోయిన మాట పూర్తిగా తప్పు, దాన్ని నమ్మి ఇల్లు మార్చుకోవడం అన్యాయం.

పశ్చిమ_టెక్సస్:

పెద్ద స్కూళ్ళ గురించి చెప్పారు కాబట్టి రెండో చివర గురించి నేను.

1ఏలో ఆరుగురితోనే ఆడతారు. మైదానం 80 గజాల పొడవు, 40 గజాల వెడల్పు. ఫస్ట్ డౌన్‌కి, అంటే బంతి తమ దగ్గరే నిలుపుకోవడానికి, ముందుకి జరగాల్సింది 10 కాదు, 15 గజాలు. ఆరుగురిలో ఎవరైనా పాస్ పట్టొచ్చు. టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం) తర్వాత వచ్చే అదనపు అవకాశంలో బంతిని కాలితో తన్ని సాధిస్తే 2 పాయింట్లు, పరిగెత్తో పాసిచ్చో సాధిస్తే 1, అంటే 11 మంది ఆటకి సరిగ్గా తిరగేసి. ఆట మధ్యలో బంతిని తన్ని గోల్ కొట్టే ఫీల్డ్ గోల్‌కి 4. సగం ఆట ముగిసేసరికి గానీ ఆ తర్వాత గానీ తేడా 45 పాయింట్లకి చేరితే మ్యాచ్ అక్కడే ఆపేస్తారు. 1ఏలోనూ డివిజన్లు రెండు. అరవై మంది పిల్లలున్న ఊళ్ళో ఉన్న కొద్దిమంది అబ్బాయిలే అఫెన్స్, డిఫెన్స్ రెండూ ఆడతారు, ఇద్దరికి దెబ్బ తగిలితే సీజన్ ప్రమాదంలో పడుతుంది.

ఇక్కడ అసలు నొప్పి క్లాసు కాదు, దూరం. సంఖ్య సరిపోయిన స్కూళ్ళు దగ్గర్లో లేకపోతే డిస్ట్రిక్ట్ మ్యాచ్‌కే గంటల తరబడి బస్సు. పెద్ద స్కూళ్ళకీ తప్పదు. 2024-26 విడతలో ఒడెస్సా పర్మియన్, సాన్ ఏంజెలో సెంట్రల్ స్కూళ్ళని ఒకే డిస్ట్రిక్ట్‌లో పెట్టారు. రెండు ఊళ్ళ మధ్య సుమారు 130 మైళ్ళు. ఫిబ్రవరి జాబితా వచ్చాక స్కూళ్ళు అప్పీలుకి వెళ్ళేది ఎక్కువగా దూరం మీదే.

కొలంబస్_బాబాయ్:

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు ఇది చదివి మీ దగ్గరా ఇంతే అనుకోకండి. ఒహాయోలో అంకెలు తలకిందులు: డివిజన్ 1 అన్నిటికంటే పెద్దది, డివిజన్ 7 చిన్నది. ఫుట్‌బాల్‌కి అబ్బాయిల్నే లెక్కపెడతారు. ఎడిసన్ వైపు మనవాళ్ళు ఎక్కువున్న న్యూజెర్సీలో పబ్లిక్ స్కూళ్ళు గ్రూప్ 1 నుంచి 5 దాకా, ప్రైవేటు స్కూళ్ళు పూర్తిగా వేరే టోర్నమెంట్.

తలల లెక్క ఒక్కటే న్యాయమా అన్న ప్రశ్న అన్నిచోట్లా ఉంది, నా ఉద్దేశంలో సరైన ప్రశ్నే. హద్దు లేకుండా ఎక్కణ్ణుంచైనా పిల్లల్ని చేర్చుకోగల ప్రైవేటు స్కూల్లో 700 మంది, ఊరి పబ్లిక్ స్కూల్లో 700 మంది ఒకటి కాదు. ఇల్లినాయ్‌లో అలాంటి స్కూళ్ళ సంఖ్యని 1.65తో గుణిస్తారు, 700 కాస్తా 1,155 అవుతుంది. ఇండియానాలో గెలుస్తూ పోయే జట్టుకి పాయింట్లు చేర్చి, రెండేళ్ళలో గీత దాటితే ఒక క్లాసు పైకి పంపుతారు. అయోవా 2023 నుంచి ఇంకో కోణం చూస్తోంది. ఉచిత లేదా తక్కువ ధర మధ్యాహ్న భోజనానికి అర్హులైన పిల్లల సంఖ్యలో 40 శాతం తీసేస్తారు. 600 మంది స్కూల్లో 300 మంది అర్హులైతే 120 పోయి 480 లెక్క. డబ్బున్న సబర్బ్ పిల్లాడికి వేసవి క్యాంపులు, సొంత ట్రైనర్లు ఉంటాయి, పేద పిల్లాడు బడి అవగానే పనికెళ్తాడు. ఆ తేడాని లెక్కలోకి తెచ్చిన ఈ పద్ధతి నాకు నచ్చింది. టెక్సస్‌లో క్లాసు తేల్చడానికి ఇలాంటి కూడికలు తీసివేతలు లేవు, సంఖ్యే సంఖ్య.

కొత్తగా_ఫ్రిస్కో:

ఎంతో ఓపిగ్గా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. ఇక్కడే చేర్పించి, ఏడాది తర్వాత చూసుకుని అవసరమైతే మారొచ్చు కదా?

మైదానం_లెక్కలు:

మారొచ్చు గానీ అది అంత తేలిక కాదండి. 8వ తరగతి నుంచి ఎప్పుడైనా పాత స్కూల్ తరఫున ఆడి ఉంటే, ప్రాక్టీసు చేసి ఉన్నా సరే, కొత్త స్కూల్లో పీఏపీఎఫ్ అనే ఫారం నింపాలి. అంటే ఇంతకుముందు ఆడిన వివరాల ఫారం. మీ సంతకంతో పాటు అది పాత స్కూల్‌కి వెళ్తుంది. "ఈ పిల్లాడు ఆట కోసమే మారుతున్నాడా?" అని అక్కడివాళ్ళని అడుగుతారు. అవునని రాస్తే వ్యవహారం డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ ముందుకి పోతుంది. అందులో కూర్చునేది మీ వాడు ఎదుర్కోబోయే స్కూళ్ళ ప్రతినిధులే. ఆట కోసమని తేలితే కనీసం ఏడాది వర్సిటీకి అనర్హుడు.

ఇల్లు మారామని చూపించడానికి అద్దె కాగితం ఒక్కటి చాలదు. సామాను అక్కడికి చేరిందా, ఉత్తరాలు అక్కడికే వస్తున్నాయా, ఓటు హక్కు ఉన్నవాళ్ళయితే అక్కడే నమోదయిందా, నిజంగా అక్కడే కాపురం ఉంటున్నారా, ఇవన్నీ చూస్తారు. పాత ఇల్లు అలాగే పెట్టుకుని అపార్ట్‌మెంట్ తీసుకుని చూపించడం చాలాచోట్ల బెడిసికొట్టింది. పైగా నష్టం పిల్లాడొక్కడితో ఆగదు, అనర్హుడు ఆడిన మ్యాచ్‌లని స్కూల్ వదులుకోవాల్సి వస్తుంది.

కాబట్టి నిర్ణయమేదో తొమ్మిదిలో చేరకముందే తీసుకోండి. వసంతంలో హైస్కూల్ కోచ్‌లు ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకి సమావేశం పెడతారు. అక్కడ క్లాసు గురించి కాకుండా, ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) జట్లు ఎన్ని, ఎ, బి రెండూ ఉన్నాయా, ఒక్కోదానికి మ్యాచ్‌లెన్ని, మీ వాడు ఆడాలనుకునే స్థానంలో ఇప్పుడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, ఇవి అడగండి.