గనిలోంచి టబ్బు ఎక్కి పారిపోవడం కుదిరే పనేనా?

రాతిగుహ:
ఒక సాహస కథ రాస్తున్నాను. గనుల సంగతి తెలిసినవాళ్ళు తప్పులుంటే చెప్పండి. కాలం 1936. గోదావరి లోయలో ఎప్పుడో వదిలేసిన బొగ్గు గని. ఒక స్వామి, ఆయన శిష్యులు దాన్ని ఆక్రమించి, ఎత్తుకొచ్చిన నలభై మంది చేత దొంగతనంగా తవ్విస్తుంటారు. స్వామీ గనీ రెండూ నా కల్పనే. ఇంక్లైన్ గని, అంటే నేల మీది నుంచి ఏటవాలుగా దిగేది; వాలు ఆరుకు ఒకటి (ఆరు మీటర్లు పోతే ఒక మీటరు దిగుతుంది), మూతి నుంచి అడుగు దాకా 300 మీటర్లు. హీరో అట్టడుగున బందీ. కాపలావాణ్ణి పడగొట్టి పట్టాల మీద బొగ్గు మోసే ఖాళీ టబ్బులోకి దూకి, చక్రం కింద చెక్క లాగేస్తాడు. టబ్బు సొరంగాల్లోంచి దూసుకెళ్ళి వెలుగులోకి వచ్చి పడుతుంది. వెనక ఇంకో టబ్బులో శిష్యులు. నమ్మేలా ఉందా?

బాయిబాట:
చెక్క లాగితే టబ్బు ఎటు పోతది తమ్మీ? కిందికి. బాయి మూతి, అదే గని మూతి, ఏడుంది? పైన. నువ్వు చెప్పిన లెక్కల నిలువుకు 50 మీటర్లు పైన ఉంది. అట్టడుగున టబ్బు ఎక్కినోడు ఆడ్నే కూసుంటడు.

కొత్తసభ్యుడు_9:
కథ కంచికి 😀

ఎదురుగాలి:
టబ్బు సంగతి వదిలేయండి. గనిలో దారి చెప్పేది గాలి. చాలా చోట్ల చెంపకు గాలి తగులుతుంది. తగలకపోతే చిటికెడు బొగ్గు పొడి వేళ్ళ మధ్య నుంచి జారవిడిస్తే అది వాలేవైపే గాలి పోతున్నట్టు. దానికి ఎదురు నడిస్తే మంచి గాలి లోపలికొచ్చే మూతి దగ్గర తేలతారు. గాలి పోయేవైపు నడిస్తే పనిస్థలాలు దాటొచ్చిన వేడి, చెమ్మ, చెడు గాలి అన్నీ ఎదురవుతాయి. దారిలో రెండు తలుపులు వరసగా కనబడితే ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి అడ్డదారిన తిరిగిపోయి, లోపల ఉన్నవాళ్ళకు గాలి ఆడదు.

నీటిజాడ:
అందరూ ఇంక్లైన్ అనే అనుకుంటున్నారు. కథ మార్చుకోవచ్చుగా? కొండ పక్క నుంచి అడ్డంగా తొలిచిన గని పెట్టండి. అక్కడ సొరంగం లోపలి నుంచి మూతి వైపే వాలి ఉంటుంది, సుమారు నూటికి ఒకటి. పక్క కాలవలో నీళ్ళూ మూతి వైపే పారతాయి. చీకట్లో కాలు కాలవలో పెట్టి నీళ్ళ వెంట నడిస్తే చాలు. గాలి మారుతుంది, నీళ్ళు మారవు. టబ్బు కూడా సరైన దిక్కుకే పోతుంది.

రాతిగుహ:
భలే! అయితే కొండ గని చేసేస్తాను. టబ్బు బతికింది.

బాయిబాట:
బతకలే. నూటికి ఒకటి వాలు ఎందుకు పెడతరో తెలుసా? నిండు టబ్బును బయటికి తోసుటానికి, ఖాళీ టబ్బును లోపలికి తోసుటానికి మనిషికి ఒకే తీరు బలం పట్టాలని. పాత బేరింగుల టబ్బుకు చక్రాల రాపిడే దాదాపు ఆ వాలంత ఉంటది. చెక్క తీసినా కదలదు. తోస్తే కదుల్తది, ఆపితే ఆగుతది. నీ హీరో టబ్బును తోసుకుంట నడుస్తడు, ఎన్కొచ్చేటోళ్ళు ఉర్కొచ్చి పట్టుకుంటరు. వాలు ఎక్కువున్న కాడ టబ్బు ఉరుకుతది గని కిందికి. మూతి దిక్కు వాలు ఉన్న కాడ ఉరకదు. రెండు తీర్ల నీ సీను అయితలేదు.

నీటిజాడ:
రెండింటికీ మధ్యస్థం ఉంది. ముప్పైకి ఒకటి పెట్టండి. రాపిడి బరువులో నూటికి ఒకటిన్నర పాళ్ళు అనుకుంటే 200 మీటర్లు పోయేసరికి గంటకు 30 కిలోమీటర్లు అందుకుంటుంది. సినిమా వేగం కాదు కానీ పరిగెత్తే మనిషికి చిక్కదు.

బాయిబాట:
30 కాడ మలుపు వస్తే? రెండడుగుల పట్టాలు, మలుపు 10 మీటర్ల వృత్తం అనుకో. టబ్బుల మనిషి నిలబడితే బరువు పట్టా మీది నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తుల ఉంటది. గంటకు 22 దాటితే బోర్ల పడుతది. గది లెక్క. చక్రం అంచు పట్టా మీదికెక్కి తప్పుడు అంతకన్న ముందే అయితది, ఎందుకంటే వదిలేసిన బాయిల పట్టాల అతుకులు సక్కగ ఉండయి, కింద చెక్కలు చీకిపోయి ఉంటయి.

బ్రేకు అంటవేమో. బొగ్గు టబ్బుకు బ్రేకు ఉండదు. చక్రం ఆకుల నడుమ కట్టెనో ఇనుప ముక్కనో గుచ్చుతరు, దాన్ని స్ప్రాగ్ అంటరు. అది కదలని టబ్బుకు, మెల్లగ కదిలే టబ్బుకు. ఉరికే టబ్బుకు గుచ్చబోతే చెయ్యి పోతది. గుచ్చినా ఆరుకు ఒకటి వాలు మీద చక్రం తిరగకుంట జారుతనే ఉంటది. తడి పట్టా మీద ఇనుముకు ఇనుము పట్టు గంత లేదు.

కొత్తసభ్యుడు_9:
కథ అడిగితే ఇంజనీరింగ్ పరీక్ష పెట్టేశారు.

రాతిగుహ:
సరే. ఇంక్లైన్ గనే ఉంచుతాను, టబ్బు పైకే పోతుంది, తాడుతో. తాడు లాగే హాలేజీ ఇంజను మూతి దగ్గర ఉంటుంది కదా. హీరో బొగ్గు టబ్బుల్లో ఒకదానిలో దాక్కుని పైకి వచ్చేస్తే?

ఎదురుగాలి:
ఇంజను నడిపేది స్వామి మనిషి. గంట మోగితేనే కదుపుతాడు.

రాతిగుహ:
గంటల లెక్క హీరోకు తెలుసు. నెలల తరబడి రోజూ వింటున్నాడు కదా. ఒక్కటి కొడితే ఆపు అని, మిగతావి ఏవేంటో చెవికే పట్టేశాయి.

బాయిబాట:
గిది మంచిగ చెప్పినవ్. దాక్కుండుడే కష్టం. పైకి పోయేటియి నిండు టబ్బులు. బొగ్గు కింద పండుకుంటే టన్ను బరువు ఛాతి మీద. బొగ్గు మీద పండుకుంటే పైకప్పు దూలానికీ టబ్బుకూ నడుమ ఎంత సందు? మోకాలెత్తు ఉంటే ఎక్కువ. ఎన్క బంపరు పట్టుకుని ఏలాడుదాం అంటవేమో, ఆడ డ్రాగ్ ఉంటది. ఆఖరి టబ్బు ఎన్క నేల మీద ఈడ్చుకుంట వచ్చే ఇనుప కడ్డీ. తాడు తెగితే టబ్బు ఎన్కకు రాకుండ అది నేలల గుచ్చుకుని పట్టా తప్పిస్తది. తాడు తెగిన నాడు ఆ కడ్డీకీ టబ్బుకూ నడుమ నీ హీరో.

డ్రాగ్ లేకుంట పంపే మేస్త్రీ అయితే ఇంకా అన్యాయం. పైన స్టాప్ బ్లాకు, కింద అడ్డకట్ట, పక్కన పది ఇరవై మీటర్లకొక, మనిషి గోడలకు ఒదిగి నిలబడే మ్యాన్‌హోల్, ఇవన్ని ఎందుకు పెట్టిన్రు? టబ్బు తప్పించుకుంటదని. మనిషి తప్పించుకునే బండి కాదది.

నీటిజాడ:
మీరు ప్రతిదానికీ కుదరదంటారు. అతను రాసేది తనిఖీ నివేదిక కాదు.

ఎదురుగాలి:
నా మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. గాలికి ఎదురు నడవమన్నాను. టబ్బు అక్కర్లేదు, తాడు అక్కర్లేదు.

నీటిజాడ:
నడిస్తే కాపలా ఉన్న మూతికే చేరతాడు, మీ గాలి అటే తీసుకుపోతుంది. నీళ్ళ వెంట పోతే…

బాయిబాట:
నీళ్ళ ఎంబడి పోతే ఇంక్లైన్ బాయిల నీళ్ళ గుంతల, అదే సంపుల పడ్తడు. నీళ్ళు పల్లానికి పోతయి, పల్లం అట్టడుగుల ఉంటది. వదిలేసిన బాయి అంటే డిప్పు, అంటే కింది వాలు, సగం మునిగి ఉంటది. దాని మీద బరువైన చెడు గాలి, కార్బన్ డయాక్సైడు, నేలకు అంటుకుని నిలుస్తది. దీపం మోకాలెత్తుల పట్టుకుంటే ఆరిపోతది, మనిషి తల ఎత్తుల ఉన్నందుకు ఇంకో రెండడుగులు ఏస్తడు, వంగిండంటే లేవడు. నీ ఒక్క ముచ్చటకు ఎన్నిసార్లు చెప్పాలె?

నీటిజాడ:
కొండ గని గురించి చెప్పాను. చదివి మాట్లాడండి. పోయిన నెల చర్చలో కూడా ఇంతే, నేను ఒకటి చెబితే మీరు ఇంకోదానికి జవాబిచ్చారు, మోడరేటరు నా జవాబే తీసేశాడు.

కొత్తసభ్యుడు_9:
అందరూ కాస్త చల్లబడండి. కాగడా పట్టుకుని పోతే సరిపోదా?

ఎదురుగాలి:
కాగడానా! బొగ్గు గనిలో మీథేన్ గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉంటే అంటుకుని పేలుతుంది. తేలిక గనక పైకప్పు గుంతల్లో చేరుతుంది. కాగడా ఎత్తి పట్టుకునేది అక్కడికే. మంట చుట్టూ సన్నటి ఇనుప జాలీ ఉన్న జాలీ దీపం పట్టుకోవాలి. దాని వత్తి తగ్గించి మెల్లగా పైకెత్తితే మంట మీద నీలి టోపీ కనిపిస్తుంది, అది మీథేన్ ఉన్నట్టు గుర్తు. కనిపించగానే ఎంత మెల్లగా ఎత్తారో అంత మెల్లగా దించాలి. ఆక్సిజన్ 16, 17 పాళ్ళకు పడితే అదే ఆరిపోతుంది; అప్పటికి మనిషి కాళ్ళు ఇంకా పనిచేస్తుంటాయి, వెనక్కి తిరగడానికి ఆ వ్యవధి చాలు. కార్బైడు దీపం 12, 13 దాకా వెలుగుతూనే ఉంటుంది, అంటే అది ఆరేసరికి ఆలస్యమైపోతుంది.

రాతిగుహ:
జాలీ దీపం రాసుకున్నాను. అయితే చివరికి ఇలా చేస్తాను. హీరో అడుగు నుంచి నడిచి సగం దూరం ఎక్కుతాడు. అక్కడ నిలబెట్టిన నిండు టబ్బులను తాడుకు కలిపే పిన్ను లాగేసి కిందికి వదిలేస్తాడు. తరుముకొచ్చే శిష్యులు టబ్బుల కింద పడతారు. దారి ఖాళీ. ఎలా ఉంది?

బాయిబాట:
కింద ఎవరున్నరు?

రాతిగుహ:
శిష్యులు.

బాయిబాట:
ఇంకెవరున్నరు? నలభై మంది అన్నవ్ గద పొద్దుగాల. టన్ను నిండిన టబ్బు ఆరుకు ఒకటి వాలు మీద 100 మీటర్లు ఉరికితే గంటకు 60 కిలోమీటర్లు. కింద పట్టాల మీద ఉన్నోళ్ళు శిష్యులా, బందీలా అని సూసి గుద్దదు. దారి పొడుగున పైకప్పుకు ఆసరాగ నిలబెట్టిన కట్టెలను కూడ కొట్టేస్తది, కట్టెలు పోయినంక రూఫ్ దిగుతది. నీ హీరో బయట గాలి పీల్చుకుంటుంటే ఎన్క నలభై మంది బండ కింద.

పొద్దుగాల నుంచి నేను కుదరదు కుదరదు అన్నది గిందుకే. బొగ్గు బాయిలల్ల తప్పించుకున్న టబ్బు ఎంతమందిని చంపిందో, అది ఆటబొమ్మ లెక్క సూపిస్తే చదివేటోడు చప్పట్లు కొడుతడు. లెక్కలు అడిగిన్రు, చెప్పిన. అసలు ముచ్చట ఇదీ.

నీటిజాడ:
ఇది సాహస కథ. ఒక్కడు తప్పించుకుంటాడు, బయటికెళ్ళి పోలీసుల్ని తెస్తాడు. ప్రతి కథలోనూ అంతే. అందర్నీ వెంటేసుకుని నడిస్తే అందరూ దొరుకుతారు.

బాయిబాట:
పోలీసులు వచ్చేదాక ఆ స్వామి మూతి తెరిచి ఉంచుతడా? నాలుగు టబ్బులు మూతికాడ బోర్లేసి రాళ్ళు దించితే సాక్ష్యం లేదు, మనుషులు లేరు.

1989 నవంబరుల రాణిగంజ్ కాడ మహావీర్ కోలియరీల నీళ్ళు పొంగినయి. 71 మంది లోపల ఇరుక్కున్నరు, ఆరుగురు పోయిన్రు. మిగిలిన 65 మందిని పైనుంచి బోరు ఏసి ఉక్కు గొట్టంల ఒక్కొక్కర్ని లాగిన్రు. జస్వంత్ సింగ్ గిల్ ఆ గొట్టంల తానే కిందికి దిగిండు, అందరు పైకొచ్చినంక ఆఖరికి వచ్చిండు. బాయిల హీరో అంటే గట్లుంటది.

నీటిజాడ:
గిల్‌కు పైన క్రేను ఉంది, యంత్రాలున్నాయి, కంపెనీ ఉంది. ఈ హీరోకు కాళ్ళు తప్ప ఏముంది?

ఎదురుగాలి:
రెండో దారి ఉంది. ఇంతసేపూ ఎవరూ అడగలేదు. 1862లో ఇంగ్లండులో హార్ట్‌లీ గనిలో పంపు ఇంజను దూలం విరిగి ఉన్న ఒక్క షాఫ్టులో, అంటే నిలువు బావిలో పడింది. 204 మంది చనిపోయారు. ఆ తర్వాతే గనికి రెండు దారులుండాలని చట్టం చేశారు. గోదావరి లోయలో తవ్వకాలు మొదలైంది అంతకు పాతికేళ్ళ తర్వాత, కనుక మీ పాత గనికి ఒక గాలిబావి పెట్టినా వింత కాదు. గుట్ట మీద పొదల్లో, కాపలా లేకుండా. స్వామి మనుషులకు అక్కడొక బావి ఉందనే తెలియకపోవచ్చు.

నలభై మందీ ఒకే దీపంతో నడవచ్చు. పట్టా ఉన్నంత దూరం ఎడమ కాలు పట్టాకు తగిలేలా, చెయ్యి ముందువాడి భుజం మీద. పట్టా అయిపోయాక గోడకు చెయ్యి. బొగ్గు తీసేసి వదిలిన గోఫ్‌లోకి మాత్రం పోకూడదు. ఎంత దగ్గర దారి అయినా సరే. కట్టెలు చిటపటమంటే నిలబడి వినకుండా దాటేయాలి. ముందున్నవాడు కర్రతో పైకప్పు కొట్టి చూస్తుండాలి. ఖంగుమంటే గట్టి, డొల్లుమంటే వెనక్కి.

రాతిగుహ:
గాలికి ఎదురు నడిస్తే ఆ గాలిబావి దగ్గరికే చేరతారా, మూతి దగ్గరికా?

ఎదురుగాలి:
గాలి లోపలికొచ్చే దారి ఏదైతే అక్కడికి.

బాయిబాట:
అది ఏది? ఫ్యాను ఉన్నదా?

రాతిగుహ:
లేదు. వదిలేసిన గని కదా.

బాయిబాట:
మరి ఏ కాలం? పొద్దుగాల నుంచి గాలి గాలి అంటున్నరు, కాలం ఎవ్వలు అడగలే.

ఎదురుగాలి:
…అది నిజమే. ఒప్పుకుంటున్నాను. ఫ్యాను లేకపోతే గాలి దిక్కు బయటి వేడిని బట్టి తిరుగుతుంది. లోపలి రాయి ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేడి, 28, 30 డిగ్రీల దగ్గర. బయట 42 ఉంటే లోపలి గాలి చల్లన, బరువు. అది కింద ఉన్న ఇంక్లైన్ మూతి నుంచి బయటికి కారుతుంది, గుట్ట మీది బావి లోంచి కొత్త గాలి దిగుతుంది. అప్పుడు ఎదురు నడిస్తే బావి. చలికాలం రాత్రి దీనికి తలకిందులు. ఎదురు నడిస్తే కాపలావాళ్ళ ఒళ్ళోకే.

రాతిగుహ:
నా కథ మృగశిర కార్తెలో. తొలకరి పడే రోజు.

నీటిజాడ:
పగలు ఎండ, సాయంత్రం వాన?

రాతిగుహ:
అవును. రాత్రి చీకట్లో బయల్దేరతారనుకున్నాను.

ఎదురుగాలి:
వద్దు. వాన పడి బయట 24కు దిగితే గాలి మొదట నిలిచిపోతుంది, తర్వాత వెనక్కి తిరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరదీయండి. బావి నిచ్చెన మెట్లు పుచ్చి ఉంటాయి, ఒక్కొక్కరే ఎక్కాలి, నలభై మందికి రెండు గంటలైనా పడుతుంది.

బాయిబాట:
నడుమల ఉరుము ఉరిమితే బొగ్గు పొడి జారిడిసి ఎటు వాలుతదో సూసుకుంట ఉండమను. అడ్డం తిరిగిందంటే ఉన్నకాడ్నే కూసోబెట్టి, మల్ల పొడి సక్కగ వాలేదాక కదలొద్దు. ఆఖరికి ఎక్కేది ఎవరో అది కూడ రాయి.