మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు టెస్ట్ లేకుండా బీ12 మొదలుపెట్టొచ్చా?

తెనాలి కోడలు: మా మామయ్యకి 64 ఏళ్ళు. షుగర్ వచ్చి పదకొండేళ్ళు, మెట్‌ఫార్మిన్ రోజుకి 2 గ్రాములు. ఆరు నెలలుగా అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్ళు నిద్ర లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.1, మరీ అంత ఘోరమేం కాదు. మా ఆడపడుచు భర్త ఏదో వీడియో చూసి, ఆ మాత్రలు మానేసి విటమిన్ డీ, బీ కాంప్లెక్స్ వేసుకుంటే షుగరే పోతుందంటున్నారు, మామయ్య సగం నమ్మేశారు కూడా. మాత్రలు మాన్పించే ప్రసక్తే లేదు, మెట్‌ఫార్మిన్‌తో విటమిన్ బీ12 తగ్గుతుందంటారు కాబట్టి అది మాత్రం వేద్దామని ఉంది. టెస్ట్ చేయించాలా, నేరుగా వేసేయొచ్చా?

సీమ పెద్దాయన: వేసేయమ్మా. నీళ్ళలో కరిగే విటమిన్, ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఆ టెస్ట్ డబ్బులతో ఎన్ని నెలల బిళ్ళలొస్తాయో లెక్కేసుకో. పల్లెల్లో ఉండేవాళ్ళకి ల్యాబ్ ఎక్కడ?

మందుల కొట్టు: పెద్దాయనా, చిక్కంతా అక్కడే. కౌంటర్‌లో రోజూ చూస్తుంటా, 'బలం బిళ్ళలు ఇవ్వు' అని తీసుకెళ్తారు, మామూలు బీ కాంప్లెక్స్‌లో బీ12 ఉండేది కొద్ది మైక్రోగ్రాములే. నిజంగా లోపం ఉంటే డాక్టర్లు రాసేది వెయ్యి, పదిహేను వందలు, లేదా ఇంజెక్షన్. పైగా ముందే మింగేస్తే రక్తంలో లెవెల్ పెరిగిపోతుంది, ఆ మంటలు బీ12 తగ్గి వచ్చాయా షుగర్ నరాల మీద పడి వచ్చాయా తేల్చడం కష్టం. రెండూ ఒకేలా ఉంటాయి కదా. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే ఇంకా ప్రమాదం, రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.
ఇంకోటి, మామయ్యగారు గ్యాస్ బిళ్ళ వాడతారా? పాంటప్రజోల్ లాంటివి ఏళ్ళ తరబడి వేసుకున్నా బీ12 తగ్గుతుంది.

లీడ్స్ తెలుగోడు: ఇది కొత్త సంగతేం కాదు. మెట్‌ఫార్మిన్ వల్ల పేగు చివర్లో బీ12 సరిగ్గా ఒంటబట్టదు, డోసూ ఏళ్ళూ పెరిగేకొద్దీ రిస్కూ పెరుగుతుంది. ఇక్కడ బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2022లో దీన్ని 'కామన్' సైడ్ ఎఫెక్ట్ కింద చేర్చింది, అంటే పదిమందిలో ఒకరి దాకా. లక్షణాలుంటే టెస్ట్ చేయమంది, మాత్ర మానేయమనలేదు. నా లెక్కలో, మంటలూ తిమ్మిర్లూ లేనివాళ్ళ గురించి వాదించుకోవచ్చు, ఉన్నవాళ్ళకి వాదనే అక్కర్లేదు.

నిజం చెప్తా: మీరంతా కంపెనీల మాట మాట్లాడుతున్నారు. విటమిన్ డీ వాడాక నా పరగడుపు షుగర్ 160 నుంచి 120కి వచ్చింది. దీనికేమంటారు?

లీడ్స్ తెలుగోడు: 2019లో డీ2డీ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి బ్రో. షుగర్ గీత మీద ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజూ 4,000 యూనిట్ల విటమిన్ డీ, మిగతావాళ్ళకి ఉత్తి మాత్ర. రెండున్నరేళ్ళు పోయాక షుగర్ వచ్చినవాళ్ళు విటమిన్ వైపు 24.2 శాతం, అటువైపు 26.7. ఆ తేడా లెక్కకి నిలవలేదు. లోపం ఉంటే ఎముకల కోసం వేసుకో, ఎవరొద్దన్నారు. అవునూ, వాకింగ్ కూడా అప్పుడే మొదలెట్టావా?

నిజం చెప్తా: మొదలెట్టా. అయితే ఏంటి?

సీమ పెద్దాయన: హహహ. సరే, కాళ్ళ మంటలున్నాయంటున్నారు కాబట్టి ఈ ఒక్క కేసులో టెస్టే అంటాను. శాకాహారులై పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ మింగుతూ ఊళ్ళో ల్యాబ్ కూడా లేనివాళ్ళ విషయంలో మాత్రం నా మాట మారదు.

మందుల కొట్టు: దానికి నేనూ అడ్డు చెప్పను, డాక్టర్ చెవిన వేసి వాడితే చాలు.

తెనాలి కోడలు: అప్‌డేట్. నాలుగేళ్ళుగా గ్యాస్ బిళ్ళ వాడుతున్నారట, మాకెవరికీ తెలీదు. బీ12 142 వచ్చింది, ల్యాబ్ కాగితం మీద 200 పైన ఉండాలని ఉంది. డాక్టర్ మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచి ఇంజెక్షన్లు రాశారు, గ్యాస్ బిళ్ళ ఆపి చూద్దామన్నారు. మంట తగ్గడానికి నెలలు పట్టొచ్చట, పూర్తిగా తగ్గుతుందన్న మాట మాత్రం ఇవ్వలేదు. రిపోర్ట్ సంగతి తెలిసి అన్నయ్యగారు ఫోన్ చేశారు: 'చూశావా అమ్మా, విటమినే అని నేను ముందే చెప్పానా లేదా!'