ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున సిమెంటు కాలిబాట కావాలా?

పెరంబూరు సభ్యుడు:
మన సంఘం ఆదివారపు నడకను మెరీనా నుంచి చెన్నై ఉత్తరపు కొసన ఉన్న ఎన్నూరుకు మార్చాలనీ, నెట్టుకుప్పం అనే జాలరిపల్లె దగ్గర మొదలుకొని ఉప్పుటేటి దక్షిణపు ఒడ్డున సిమెంటు కాలిబాట వేయమని నగరపాలక సంస్థకు వినతి పంపాలనీ ప్రతిపాదిస్తున్నాను. నెల్లూరు, గూడూరు నుంచి రైల్లో వచ్చే మనవాళ్ళందరూ అత్తిపట్టు దాటాక ఆ నీళ్ళనూ పొగగొట్టాలనూ కిటికీలోంచి చూసినవారే గాని, దిగి నడిచినవారు అరుదు. 450 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం 1970 నుంచి 2017లో ఆగిపోయేదాకా ఈ ఒడ్డునే నడిచింది. అవతలి ఒడ్డున ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం, దానికి ఉత్తరాన 2001లో ప్రారంభమై 2014లో కామరాజర్ పేరు పెట్టుకున్న ఓడరేవు ఉన్నాయి. పరిశ్రమల చరిత్ర ఇంత దగ్గరగా చూపించే చోటు నగరంలో మరొకటి లేదు. దీనికి అభ్యంతరం ఏముంటుంది?

తిరువొత్తియూరు సభ్యురాలు:
అన్నగారూ, నడకకు నేను అడ్డు చెప్పను, సిమెంటుకు మాత్రం ఒప్పుకోను. మీరు లెక్కపెట్టిన గుర్తులన్నీ ఆకాశంలోకి లేచినవే. కాళ్ళ దగ్గర ఉన్నది మీ జాబితాలోకి రాలేదు. నగరి వైపు మనవాళ్ళు కుశస్థలి అని పిలిచే నదే పూండి జలాశయం దాటి, వానాకాలంలో పుళల్ చెరువు మిగులు నీటిని కూడా కలుపుకొని, ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. వరద వచ్చినప్పుడు ఆ నీరు పరుచుకోవడానికి మిగిలిన చోటు ఈ బురద ఒడ్డే. ఓడరేవులూ బూడిద చెరువులూ ఉప్పు మడులనూ మడ చెట్లనూ తినేయగా మిగిలినదానిని ఇప్పుడు మనం నడక పేరుతో గట్టు కట్టి బిగిద్దామా?

పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, వెళ్ళి చూడండి. ఇరుళ తెగ స్త్రీలు నడుము లోతు నీళ్ళలో కూర్చున్నట్టు వంగి, తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకొని, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు పడతారు. బొగ్గు బూడిదను నీళ్ళలో కలిపి సెప్పాక్కం బూడిద చెరువుకు తోసే గొట్టాలు ఏళ్ళ తరబడి కారడంతో వాళ్ళ వేళ్ళకు తగిలేది చాలాచోట్ల ఒండ్రు కాదు, బూడిద. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో చమురు శుద్ధి కర్మాగారమున్న మణలి వైపు నుంచి చమురు కొట్టుకువచ్చినప్పుడు కాట్టుకుప్పం జాలరులే పడవల్లో వెళ్ళి చేతులతో ఆ తెట్టు ఎత్తారు. వాళ్ళు పడవలు లాగి వలలు ఆరబెట్టుకునే ఒడ్డు మీద రెయిలింగు వేస్తే, ఆ తరువాత ఖాళీ చేయమనే ఉత్తర్వు ఎలా వస్తుందో మెరీనా లూప్ రోడ్డు చేపల అంగళ్ళవారిని అడిగితే చెబుతారు.

మింజూరు మాస్టారు:
అమ్మాయి చెప్పిన వాస్తవాలను కాదనను, కాని ముగింపు నాకు రుచించలేదు. ఈ ఏరు ఇంతగా పాడయింది నగరం వచ్చి తొక్కినందువల్ల కాదు, ఇటు తొంగిచూడనందువల్ల. నగరం దక్షిణాన అడయారు నది మొగలో ఇంత బూడిద పేరుకుంటే ఊరు ఊరుకునేదా? కాబట్టి జనం రావాలి. ఉన్న బురదదారినే నడవాలి, కుప్పం (జాలరిపల్లె) పెద్దలతో ముందుగా మాట్లాడి వారి పడవలకు కిరాయి ఇచ్చి ఏటిలోకి వెళ్ళాలి, పడవ అడుగు ఎక్కడ నేలకు రాసుకుంటుందో అక్కడ దిగి చూడాలి. ఫొటో తీసుకోవడానికి పొగగొట్టాలు ఎలాగూ ఉంటాయి.

పెరంబూరు సభ్యుడు:
మాస్టారూ, మోకాళ్ళ నొప్పులున్న అరవై దాటినవారిని బురదలో నడిపించమంటున్నారు. మన సంఘంలో సగం మంది వారే. వినతిలోంచి ఏటి ఒడ్డు కాలిబాటను తీసివేస్తాను. ఎన్నూరు స్టేషను నుంచి కుప్పం దాకా, లారీలు తిరిగే రోడ్డు పక్కన, నడవడానికి చోటూ దీపాలూ కావాలని మాత్రం అడుగుతాను. అవి మనకన్నా ముందు కుప్పంవాళ్ళకే పనికివస్తాయి. దానికి కూడా అభ్యంతరం ఉంటే శనివారంలోగా రాయండి.

తిరువొత్తియూరు సభ్యురాలు:
దానికి సంతకం పెడతాను. అయితే పంపే ముందు ముసాయిదాను తమిళంలో రాసి కుప్పంలో చదివి వినిపించాలి.