ఆప్టీషియన్‌ను తెలుగులో ఏమనాలి?

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీలో, స్థిరపడిన తెలుగువారి కోసం ఉద్యోగాల గురించిన ఒక సమాచార పత్రాన్ని తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మూలంలో "లైసెన్స్‌డ్ ఆప్టీషియన్" అని ఉన్నచోట నాకంటే ముందు పనిచేసినవారు "లైసెన్సు పొందిన నేత్రవైద్యుడు" అని రాశారు. ఆ కిందనే "మీడియన్" జీతాన్ని "సగటు జీతం" చేశారు. రెండూ తప్పేనని తెలుస్తోంది గాని మొదటిదానికి సరైన మాట తోచడం లేదు. "దృష్టి నిపుణుడు" అందామంటే ఆప్టోమెట్రిస్టుకు మాట మిగలదు. "కళ్ళజోళ్ళ వ్యాపారి" అంటే కొట్టు యజమాని అనుకుంటారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

సమాధానం:

అయ్యా, కంటికి సంబంధించిన పని ఎవరు చేసినా మనం "కళ్ళ డాక్టరు" అనేస్తాం కనుకనే ఈ చిక్కు వచ్చింది. అమెరికాలో ఆ పని మూడుగా విడిపోయి ఉంది. ఓక్లహోమా రాష్ట్ర చట్టం ఒకదానిపై 1955లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో న్యాయమూర్తి డగ్లస్ ఆ మూడింటినీ విడదీసి చెప్పారు: ఆఫ్తాల్మాలజిస్టు కంటి వైద్యంలో ప్రత్యేకత పొందిన వైద్యుడు, ఆప్టోమెట్రిస్టు చూపులోని దోషాన్ని పరీక్షించేవాడు, ఆప్టీషియన్ అద్దాలు అరగదీసి, కళ్ళు పరీక్షించినవారు రాసిచ్చిన చీటీలో ఉన్న ప్రకారం కళ్ళజోడు తయారుచేసి, ఫ్రేమును ముఖానికి కుదిర్చేవాడు. ఆ మూడోవాడికి ఆయన వాడిన మాట "ఆర్టిజన్". చీటీ లేకుండా ఆప్టీషియన్ అద్దాలు అమర్చరాదన్న ఆ చట్టాన్ని కోర్టు సమర్థించింది. అలా సమర్థించినప్పటికీ అతని పనిని నైపుణ్యం కావలసిన చేతిపనిగానే గుర్తించింది.

ఆర్టిజన్‌కు మన దగ్గర "పనివాడు" అనే మాట ఉంది. "ఆ కంసాలి మంచి పనివాడు" అన్నప్పుడు మనం మెచ్చుకునేది అతని పనితనాన్నే. మా నాన్నగారు ఇరవై ఏళ్ళు కళ్ళజోళ్ళ దుకాణంలో ఫిట్టరుగా ఉన్నారు. రెండు కనుపాపల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, అద్దం కేంద్రాన్ని సరిగ్గా అక్కడికి తెచ్చేవారు. అది తప్పితే చీటీలో నంబరు ఎంత సరిగా ఉన్నా తలనొప్పి తప్పదని ఆయన చెప్పేవారు. ఆ పనికి "కళ్ళజోళ్ళ పనివారు" అనే పేరు తగినదని నా అభిప్రాయం.

ఇక జీతం సంగతి. "మీడియన్"కు మన గణిత పాఠ్యపుస్తకాల్లో "మధ్యగతం" అనే మాట ఎప్పటినుంచో ఉంది. అందరి జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది అది, "సగటు" వేరు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో 2023 నాటికి ఆప్టీషియన్ల మధ్యగత వార్షిక వేతనం సుమారు 44 వేల డాలర్లు, ఆప్టోమెట్రిస్టులది సుమారు 1,32,000 డాలర్లు. అంటే మీకు ముందు పనిచేసినవారి అనువాదం చదివిన తెలుగువారు నేత్రవైద్యుడికి ఏడాదికి 44 వేలే వస్తాయని నమ్ముతారు. వృత్తి ఎంచుకోబోయే పిల్లల చేతికి వెళ్ళే పత్రంలో ఇది చిన్న పొరపాటు కాదు.

మరొకరి అభ్యంతరం:

"పనివాడు" అన్నప్పుడు గౌరవమున్న మాట నిజమే గాని, "పనివారు" అని బహువచనంలో చదివితే ఇంటి పనివారు గుర్తుకొస్తారండీ. లైసెన్సు పరీక్ష రాసి నెగ్గినవారిని అలా పిలిస్తే నొచ్చుకోరా? పైగా బ్రిటన్‌లో చూపు పరీక్షించేవారిని కూడా ఆప్టీషియన్ అనడం వాడుక. 1958 నాటి అక్కడి చట్టం పేరే ఆప్టీషియన్ల చట్టం. రేపు లండన్ పత్రాన్ని ఎవరైనా తెలుగు చేస్తే ఇదే మాట తప్పవుతుంది.

సమాధానం:

బ్రిటన్ విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటాను. అక్కడ "డిస్పెన్సింగ్ ఆప్టీషియన్" (చీటీ ప్రకారం కళ్ళజోడు అమర్చి ఇచ్చేవారు) అని ఉన్నచోటే ఈ మాట వాడాలి. గౌరవం గురించి మాత్రం నేను వెనక్కి తగ్గలేను. ఇంటి పనివారు గుర్తుకొస్తారని ఒక మంచి మాటను వదులుకుంటే, చేతిపని తక్కువదన్న భావాన్ని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. అయినా చదివేవారికి తికమక ఉండకూడదు కాబట్టి "కళ్ళజోళ్ళ పనితనం తెలిసినవారు" అని ఒకసారి వివరించి, ఆ తరువాత "ఆప్టీషియన్" అనే కొనసాగించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. న్యూజెర్సీ చట్టంలో ఈ వృత్తికి "ఆఫ్తాల్మిక్ డిస్పెన్సర్" అనే పేరుందని, అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలు అసలు లైసెన్సే అడగవని గమనించాను. అందుచేత ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: "కళ్ళజోళ్ళ పనితనం తెలిసినవారిని ఆప్టీషియన్లు అంటారు, వీరు వైద్యులు కారు. ఈ పనికి న్యూజెర్సీలో రాష్ట్ర లైసెన్సు ఉండాలి, టెక్సాస్‌లో అది తప్పనిసరి కాదు."