అప్‌డేట్: వరదలో మునిగిన మా బావి బాగుపడింది

2022 జూలై గోదావరి వరద తీశాక, కూనవరం దగ్గర మా అమ్మావాళ్ల ఇంటి బావి ఒండ్రుతో నిండిపోయింది, ఏం చేయాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ దండాలు.

వెంటనే మోటారు పెట్టి తోడొద్దని ఒకరు చెప్పారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. చుట్టూ నేల నాని ఉండగా బావి ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి వరలు (బావి గోడ రింగులు) లోపలికి కూలిపోవచ్చట. పక్క వీధిలో అలాగే రెండు వరలు జరిగిపోయాయి. మేము 20 రోజులు ఆగి తోడించాం. అడుగున మోకాలి లోతు ఒండ్రు, అందులో ఎవరి పిల్లదో చిన్న చెప్పు. అమ్మ దాన్ని కడిగి గోడమీద పెట్టింది. ఇంకా అక్కడే ఉంది.

బ్లీచింగ్ పౌడర్ నేరుగా చల్లలేదు. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో కలిపాం. మామూలు మోతాదు 1000 లీటర్లకు 2.5 గ్రాములు. మొదటిసారి ఎక్కువే వేసి, ఆ నీళ్లన్నీ తోడిపారేసి, మళ్లీ మామూలుగా వేశాం. ఇప్పటికీ కాచే తాగుతున్నారు.

వరద రాకముందే అమ్మావాళ్లు ఇల్లు వదిలి ఎందుకు కదల్లేదని కొందరు అడిగారు. కదిలారండీ. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 53 అడుగులకే మూడో హెచ్చరిక, అంటే చివరిది, ఆసారి 71.3 దాకా వచ్చింది. గోదావరి పోటెత్తితే, కూనవరం దగ్గర అందులో కలిసే శబరి నది ఎగదన్నుతుంది, రెండు వైపులా నీళ్లే. గుట్టమీద టార్పాలిన్ కింద ఉన్నారు. బియ్యం మోసుకెళ్లగలిగారు, విత్తనాలు వదిలేశారు.

పత్తి పోయింది. నష్టం జాబితాలో నాన్న పేరు రాలేదు, మళ్లీ అర్జీ పెట్టాం. మేట వేసిన ఎకరంలో ఇప్పుడు మిరప నారు నాటారు.